గోర్లు తియ్యకుండ లేసిన పెండ్లికొడుకు

కరోనా పోయిన తర్వాతి ఏడు, ఎండకాలం. నాది హనుమకొండల కటింగ్ షాపు. మూడో తరగతి దాకనే చదివిన, రాసుడు గిదే మొదలు. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా పనిల పెండ్లికొడుకును చేసుడని ఒకటుంటది. ఇంటికి పోయి, పిలగాన్ని పీటమీద కూసోబెట్టి గడ్డం గీసి గోర్లు తియ్యాలె. గోర్లు తీసినంకనే నలుగు, తానం. అప్పుడే వాడు పెండ్లికొడుకైనట్టు.

ఆ దినం పీటమీద శ్రావణ్, కిరాణం సేటు కొడుకు. తెల్లారకముందే తానం చేసి దుకాణం తెరిచెటోడు, గుడ్డు సుత ముట్టడు. వాని దోస్తు సంపత్‌ది స్టేషన్ ఘన్‌పూర్, డీజే కొడుతడు. తెల్లారినంక పంటడు, జుట్టుకు ఎర్ర రంగు, మటన్ లేంది ముద్ద దిగది. ఇద్దరు నా షాపుకు కలిసే వచ్చేది. ఒకనికి గడ్డం గీస్తాంటే ఇంకొకడు అద్దంల వాన్నే చూసేది. నాకు సమజైంది. ఎవ్వలకు చెప్పలే.

పెండ్లికి డీజే గూడ సంపత్‌దే. కొడుకు దోస్తు గదా అని సేటే పిలిచిండు. వాకిట్ల బాక్సులు దడదడ కొడ్తానయ్. నేను గొంతు కాడ కత్తి పెట్టిన. పిలగాడు వణుకుతాండు.

"కదలకు బిడ్డా, తెగుతది."

"కాకా, గోర్లు తియ్యకు. నాకీ పెండ్లి వద్దు. ఆ పిల్ల బతుకు ఆగమైతది."

"మీ నాయినకు చెప్పు మరి."

"నోరు వస్తలేదు కాకా."

వాని మేనమామ నవ్విండు. "ఏం గుసగుసలురా? కానియ్యి, టైం అయితాంది!"

ఆపితే బజార్ల సేట్ల ఇండ్లన్ని నాకు బంద్. ఆపకుంటే ఈ పిలగాడు, ఆ పిల్ల ఇద్దరు ఖతం. కత్తి పెట్టెల పెట్టిన. "సేటూ, పిలగాడు ఏదో చెప్తడట," అన్న.

సంపత్ పాట బంద్ చేసిండు. అందరు ఇటే చూస్తాండ్రు. శ్రావణ్ లేసిండు, సగం గడ్డానికి నురుగు అట్లనే ఉన్నది.

"నాయినా, నాకు సంపత్ అంటే పానం. వానితోనే బతుకుత."

సేటు పీట కాడికి వచ్చిండు. "మటన్ తినెటోనితోనా?" అన్నడు. అప్పుడు కొడుకును కొట్టిండు. మేనమామ సంపత్ మీదికి ఉరికిండు. శ్రావణ్ నడుమ అడ్డం నిలబడి ఆ దెబ్బలు గూడ తిన్నడు. ఇద్దరు బాక్సులు ఆడనే ఇడిసి బండెక్కి పోయిండ్రు.

ఇప్పుడు ఖాజీపేటల కిరాయి రూంల ఉంటాండ్రు. ఒకడు లేసేటాళ్లకు ఇంకొకడు పంటడట.

సేట్ల ఇండ్లకు నన్ను పిలుస్తలేరు. వేరే ఇండ్లకు పోతే, కత్తి తియ్యకముందు పిలగాని చెవుల అడుగుత: "బిడ్డా, నీకు ఇష్టమేనా?" చుట్టున్నోళ్లు నవ్వుతరు. జవాబు వచ్చేదాక నేను చెయ్యి పెట్ట.