మంచె మీద ఫొటో దొర

మా అత్తకు ఇటిక్యాల పక్కన ఒకటే చేను. అందులో జొన్న పండితేనే ఆ ఏడు మా ఇంట్లో రొట్టె. నిజాం జమానా అది. నేను కాపురానికి వచ్చిన ఏడు, కంకి పాలు పోసుకునే వేళకు పటేలు వచ్చి, పిట్టలను తోలడానికి మేం వేసుకున్న మంచె అడిగాడు. అడగడం కాదు, చెప్పిపోవడం.

"పట్నం నుంచి దొర వస్తుండు. పిట్టల ఫొటోలు దీస్తడంట. ఒడిసెలతోటి రాయి ఇసిరిండ్రంటే నా అంత చెడ్డోడుండడు."

"పిట్టలు కంకులు దింటే?" అన్నది అత్త.

"తింటుంటెనే తీస్తడంట. గదే ఫొటో."

ఆ పూట అత్త రొట్టె ముట్టలేదు. నేను తిన్నాను. ఆకలైంది.

మరునాడు దొర మూడు కాళ్ల డబ్బాను మంచె ఎక్కించి, వెనక నిలబడి తల మీద నల్లగుడ్డ కప్పుకున్నాడు. గాలికి గుడ్డ టపటపా కొట్టుకుంది. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన చిలుకల గుంపు మా చేను మీద వాలబోయి, దాన్ని చూసి, అరుచుకుంటూ పోయి పక్క చేనులో పడింది. నేను గొంతు చించుకుని అరిచినా అవి ఎన్నడూ అంత బెదరలేదు.

సాయంత్రం దొర చెమట తుడుచుకుంటూ దిగి, "ఇక్కడికి పిట్టలు రావా?" అన్నాడు.

"రేపొస్తయ్ దొరా," అన్నది అత్త. నా వైపు తిరిగి, "ఆయనను కిందికి దిగనియ్యకే. మజ్జిగ గూడ పైకే అందియ్యి," అన్నది.

ఇంత మర్యాద పట్నంలో కూడా చూడలేదన్నాడు దొర.

పక్క చేను మాకు వరసకు బావది. ఆయన వచ్చి మా మంచె కింద నిలబడి, "మా మంచె మీద గాలి మంచిగొస్తది దొరా," అని పిలిచాడు. చిలుకలన్నీ అక్కడే ఉన్నాయి గనుక దొర డబ్బా మోసుకుని పోయాడు. ఆయన అక్కడ గుడ్డ కప్పుకోగానే చిలుకలు మా చేనుకు వచ్చాయి. ఒడిసెల పట్టరాదు. అత్త కొంగు నడుముకు దోపి పటేలు ఇంటికి ఉరికింది.

"పటేలా, దొర మా దొర. ముందు మా మంచె ఎక్కిండు."

"మీరొక్కరే ఉంచుకుంటే ఎట్ల?" అన్నాడు వెనకే వచ్చిన బావ. "మా చేను ఏం గావాలె?"

పటేలు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు. "పొద్దుగాల మీకు, పొద్దు వాలినంక వానికి. లొల్లి వెట్టుకోకుండ్రి."

కంకి గట్టిపడేదాకా దొర అట్లాగే తిరిగాడు. ఆయన ఎటు పోతే చిలుకలు అటు ఉండవు. రెండు చేలూ సగం సగం మిగిలాయి. చివరికి, "మీ ఊరి పిట్టలకు బుద్ధి లేదు," అని బండెక్కాడు.

మరుసటి ఏడు అత్త మంచె మీద మూడు కర్రలు నిలిపి పైన నల్ల గొంగడి కప్పింది. బావా కప్పాడు. చూసి చూసి ఊరంతా కప్పింది. జొన్న కోతకు వచ్చే వేళకు దొర మళ్లీ వచ్చాడు. బండిలో నుంచే మంచెల మీది నల్ల ముసుగులన్నీ చూశాడు. మొహం మాడిపోయింది.

"నాకన్నా ముందు ఇంతమందిని ఎందుకు రానిచ్చావు?" అని పటేలును అడిగి, జవాబు వినకుండానే బండి తిప్పించాడు. పటేలు వెంటపడి ఉరికాడు.

అత్త మజ్జిగ చెంబు పట్టుకుని గట్టు మీద నిలబడింది.

"పోనియ్యే," అన్నది. "కంకి గట్టివడ్డది. ఇగ ఆయనతోటి ఏం పని."

మజ్జిగ నేను తాగాను.