దానంతటదే వచ్చిన చిరునామా

మా ఆయన భివండీలో మరమగ్గాలు నడిపి నడిపి విసుగెత్తి తిరిగొచ్చాక, సిద్దిపేటలో ఓ చిన్న గది కిరాయికి తీసుకుని ఇద్దరం ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టాం. స్తంభాలెక్కి వైరు లాగడం ఆయన పని. గదిలో కూర్చుని సర్వర్ చూసుకోవడం నాది. కంప్యూటర్ కోర్సు చేసింది నేనే మరి.

కనెక్షన్ ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఫోనుకూ టీవీకీ నెట్‌లో ఉండే చిరునామా అంకెలు ఆయన చేత్తో కొట్టాల్సి వచ్చేది. చిన్నకోడూరులో ఒకసారి రెండిళ్లకు ఒకే అంకెలు పడ్డాయి. ఒకరికి నెట్ వస్తే ఇంకొకరికి పోయేది. రెండిళ్లవాళ్లూ ఆయన్నే తిట్టారు. తప్పు నేను రాసిచ్చిన కాగితంలో ఉంది, కానీ ఆ మాట ఆయన వాళ్లకు చెప్పలేదు. ఈ అంకెలు కొట్టే పనే లేకుండా చేయాలని ఆ రోజే నాకు పట్టుదల పుట్టింది.

దానికో దారి ఉందని చదివాను. మా సర్వర్ లైను మీద ఒక ప్రకటన పంపుతుంది: బయటికి దారి నేనే, మీ చిరునామాలో మొదటి సగం ఇదీ, అని. అది విన్న ఫోనూ, టీవీ మిగతా సగాన్ని తామే కల్పించుకుంటాయి.

వారం రోజులు కూర్చుని ఆ ప్రకటన పంపే సర్వీసు సిద్ధం చేశాను. ఒక ఉదయం చిన్నకోడూరులో ఒక గీత కార్మికుడి ఇంట్లో కొత్త కనెక్షన్ పెట్టి మా ఆయన ఫోన్ చేశాడు. సర్వీసు మొదలుపెట్టాను. వెంటనే ఆగిపోయింది! ఇతరుల సమాచారాన్ని ముందుకు పంపే అనుమతి సర్వర్‌కు ఇవ్వడం మరిచాను. ఇచ్చాక నిలబడింది.

"వచ్చిందా?"

"ఏం రాలే. టీవీ మీద చక్రం గట్లనే తిరుగుతున్నది."

ఫైలు ఒక్కో వరుసా చదివాను. మాకు నెట్ అమ్మే పై కంపెనీ ఇచ్చిన చిరునామాల పెద్ద కట్టను ముక్కలు చేయకుండా ఉన్నదున్నట్టు ప్రకటించేశాను. ఆ మొదటి సగం పొడవు అరవై నాలుగు అని ఉండాల్సిన చోట యాభై ఆరు ఉంది. దిద్ది మళ్లీ నడిపించాను.

"ఆగాగు... వచ్చిందే! వచ్చింది! నేనేం ముట్టుకోలే!"

పక్కనుంచి ఆ ఇంటి పెద్దాయన గొంతు వినిపించింది. "ఏం కొట్టకపోతివి, గదెట్ల వచ్చె?"

"మా ఇంటామె సిద్దిపేటకెల్లి చెప్పింది తాతా."

పెద్దాయన ఫోన్ లాక్కున్నాడు. "బిడ్డా, మా కోడలు ఫోన్‌కు సుత చెప్పరాదు?"

"చెప్పుడేం లేదు తాతా. వైఫైకి కలుపుమను, దానంతటదే తీసుకుంటది."

కాసేపటికి అవతల ఆ కోడలు అరిచింది, "నాకు గూడ వచ్చింది మామా!"

ఇక గదిలో కూర్చోలేకపోయాను. పక్క దుకాణంలో బట్టలు కుట్టే ఆమె "ఏమైందక్కా, గంత నవ్వుతున్నవ్?" అని అడుగుతుంటే, "వచ్చినంక చెప్తా" అంటూ షట్టర్ దించి చిన్నకోడూరు బస్సెక్కాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఇల్లిల్లూ తిరిగి పాత అంకెలు చెరిపేశాం. మొదటి ఇంట్లో ఆయన వెనక నిలబడి చూశాను. మూడో ఇంటికి వచ్చేసరికి నేనే ముందు నడుస్తున్నాను.