తాళం వేసిన ఎండపెట్టె

ఒంటిగంటకు నర్సమ్మ ఇంటి పెరట్లో ఎండపెట్టె తెరిస్తే బంగాళాదుంపలు రాళ్లలాగే ఉన్నాయి. వరసగా ఇది మూడో రోజు. అదే ఎండకు ఆమె పనిచేసే ఆరోగ్య కేంద్రం ఆవరణలో పెట్టిన పెట్టెలో మాత్రం మెత్తగా ఉడికిపోయాయి.

పెట్టెలో పెద్ద విచిత్రమేమీ లేదు. లోపల నల్లరంగు, పైన అద్దం మూత, ఎండను లోపలికి మళ్లించే మెరుపు రేకు. పొద్దున గిన్నె పెట్టి మూసేస్తే మధ్యాహ్నానికి వంట అవుతుంది. కట్టెలక్కర్లేదు, పొగ రాదు. దగ్గుతో వచ్చేవాళ్లకు మందుతోపాటు ఈ మాట చెప్పడం నర్సమ్మ ఉద్యోగం. నాలుగు నెలలు చెప్పాక వీధివాళ్లు ఆమెకు ఎండమ్మ అని పేరైతే పెట్టారు గానీ, ఒక్కరూ పెట్టె తీసుకోలేదు.

"ముందు మీ ఇంటి పొగ ఆపండమ్మా, తర్వాత మా ఇంటికొద్దురుగాని" అనేవాడు ఎదురింటి దర్జీ, ఆమె వంటింటి పొగగొట్టంకేసి కత్తెర చూపిస్తూ.

ఆ గొట్టం కింద కూర్చునేది అత్తగారు. నలభై ఏళ్లుగా కట్టెల పొయ్యి ఆవిడదే. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆగి ఆయాసపడుతోంది. ఇంకో ఏడాది ఈ పొగ పీలిస్తే మంచం దిగలేదని డాక్టరు నర్సమ్మను పక్కకు పిలిచి చెప్పాడు.

"అత్తయ్యా, మూత తీశారా?"

"ఉప్పు చూశాను. తర్వాత కలిపాను. ఆ తర్వాత ఊరికే చూశాను. వంటన్నాక మూత తియ్యకుండా ఎలా ఉంటారే? అడుగంటిపోదూ?"

"తీసినప్పుడల్లా వేడంతా పోతుందండీ. అయినా కింద మంటే లేదు కదా, ఎలా అడుగంటుతుంది?"

"మంటే లేనప్పుడు ఉడుకుతుందని నువ్వెలా నమ్మావు?"

నర్సమ్మ సాయంత్రం బజారుకెళ్లి ఒక తాళం కొనుక్కొచ్చింది. మర్నాడు పెట్టెకు తాళం వేసింది.

"బంగాళాదుంపలకు తాళమా! నేను దొంగనా?" అత్తగారి గొంతుకు ఎదురింట్లో కుట్టుమిషన్ ఆగింది.

"ఏం పోయింది పిన్నిగారూ?"

"నా పరువు!"

ఆవిడ విసురుగా వెళ్లి పొయ్యి రాజేసింది. మూడు నిమిషాల్లో దగ్గుతెర వచ్చి గడపమీద కూలబడింది. నర్సమ్మ మంచినీళ్లిచ్చి, తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టింది.

"మీ దగ్గరే ఉంచుకోండి. ఒంటిగంట దాకా ఎవ్వర్నీ తియ్యనివ్వకండి. నన్ను కూడా."

అధికారం చేతికొచ్చాక ఆవిడ పెట్టె పక్కనే కుర్చీ వేసుకుంది. ఆకలితో వచ్చిన కొడుకును "చెయ్యి తియ్యరా" అంది. తొంగిచూడబోయిన దర్జీని "నీ మిషన్లో నేను వేలు పెడుతున్నానా?" అని తరిమింది. పన్నెండుకు కోడలే ఆదుర్దా ఆపుకోలేక తాళంచెవి అడిగితే "నువ్వేగా ఒంటిగంటన్నావు? కూర్చో" అంది.

ఒంటిగంటకు తాళం తీసి దుంప నొక్కింది. వేలు దిగిపోయింది. నోట్లో వేసుకుని, ఇంకోటి తీసుకుంది.

"ఉప్పు తక్కువ" అంది చివరికి.

మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. వారం తిరక్కుండా దర్జీ వచ్చాడు.

"తాళం పెట్టెతోపాటే ఇస్తారా ఎండమ్మగారూ?"

"ఇవ్వరు. బయట కొనుక్కోవాలి."

నెలాఖరుకు వీధిలో పెట్టెలు తొమ్మిది, తాళాలు పది. దర్జీ పెట్టెకు మాత్రం రెండు: ఒకటి భార్యది, ఒకటి తల్లిది.