కొండెక్కిన దీపాలు

మా ఇంట్లో దీపం ఆరిపోయిందని అనకూడదు, కొండెక్కిందనాలి. కిరసనాయిలు ధర పెరిగితే అదీ కొండెక్కేది. కొత్తగా ఉద్యోగమొచ్చిన మేనమామ పలకరించకపోతే ఆయనా కొండెక్కి కూర్చునేవాడు. కోస్తాలో మా ఊరికి కనుచూపు మేరలో ఒక్క కొండా లేదు. అందుకేనేమో, అందర్నీ అన్నిటినీ దాని మీదికి తోలడానికి మాకెవ్వరికీ మొహమాటం ఉండేది కాదు.

నిజంగా కొండెక్కినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఎనభైల చివర్లో, ఒమన్‌లో, నా భార్యతో కాపురం పెట్టడానికి ఎక్కాను.

ఆమె నర్సు. పెళ్ళయిన కొత్తలోనే మస్కట్ వచ్చేసింది. ఏళ్ళ తరబడి ప్రయత్నించి, ఆ ఊళ్ళోనే అల్ ఖువైర్ పేటలో ఒక కంపెనీలో టైపిస్టుగా నేనూ వచ్చి పడ్డాను. సరిగ్గా అప్పుడే ఆమెను కొండ మీది చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. అయితే ఆ ఆసుపత్రి పక్కన క్వార్టర్లు కడుతున్న కాంట్రాక్టరుకు స్టోర్ గుమాస్తా కావలసి వచ్చాడు. అంతకు ముందున్నతను చలికి పారిపోయాడట. "వారం రోజులు పైన ఉండి చూడు. తట్టుకుంటే పని నీదే" అన్నాడు వాళ్ళ మేనేజరు. భార్యాభర్తలైతే ఆసుపత్రి వాళ్ళు రెండు గదుల ఇల్లిస్తారు. కొండ నన్ను ఒప్పుకుంటే చాలు, ఇద్దరం ఒక ఇంట్లో ఉంటాం. పెళ్ళప్పుడు మామగారు కూడా ఇంత చిన్న షరతు పెట్టలేదు.

కంపెనీలో సెలవు పెట్టి మత్రా బజారుకెళ్ళాను. పైన పప్పు ఉడకడం లేదని ఆమె ఫోన్లో చెప్పింది కనుక ఒక ప్రెషర్ కుక్కరు కొన్నాను. స్వెటరు అడిగితే కొట్టు సేఠ్ నన్ను ఎగాదిగా చూసి, "ఒమన్‌లో స్వెటరా? జ్వరమా భాయ్?" అని హిందీలో పరామర్శించాడు.

నన్ను పైకి తీసుకెళ్ళిన జీపు డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి. దారిలో సమాయిల్ ఊళ్ళో టీ తాగించి, కొండ మొదట్లో చెప్పాడు: "గట్టిగ పట్టుకో అన్నా. ఎక్కేటప్పుడు అందరు దేవున్ని యాజ్జేస్కుంటరు, దిగేటప్పుడు నన్ను."

ఒళ్ళో కుక్కరు పెట్టుకుని ఇద్దర్నీ తలుచుకున్నాను.

దక్షిణ అమెరికాలో మబ్బుల పక్కన కట్టిన పట్నాలున్నాయనీ, కొత్తవాళ్ళకు అక్కడ ఊపిరాడదనీ చిన్నప్పుడు భూగోళం పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఈ కొండ అంత ఎత్తేమీ కాదు. కానీ జీపు దిగి, క్వార్టరుకు వెళ్ళే రాతి మెట్ల ముందు నిలబడినప్పుడు ఆ జవాబే గుర్తొచ్చింది. ఆమె కిందికొచ్చి నా కోసం ఎదురుచూస్తోంది.

"మెల్లగా వెళ్దామండీ. నాకు ఈ మెట్లంటే దడ" అంది.

సగంలో చెప్పులో రాయి పడిందని ఆగింది. ఇంకాస్త పైన, లోయ చూడమని ఆగింది. నేను కుక్కరు చంక మార్చుకుంటూ వీరుడిలా నిలబడ్డాను.

ఆ రాత్రి జెనరేటరు ఆగిపోయింది. "కరెంటు కొండెక్కింది" అన్నాను అలవాటుగా.

"ఉన్నదే కొండ మీద, ఇంకెక్కడికి ఎక్కుతుందండీ?" అని నవ్వి, నన్ను వాకిట్లోకి లాక్కెళ్ళింది. అన్ని నక్షత్రాలు నేనెప్పుడూ చూడలేదు. "మనవాళ్ళ ఇళ్ళల్లో ఇన్నాళ్ళూ కొండెక్కిన దీపాలన్నీ ఇవే కాబోలు. మీ అమ్మగారిది ఏదో వెతకండి" అంది.

మర్నాటి నుంచి ఆమె డ్యూటీ దిగగానే ఊరు చూడ్డానికి బయల్దేరేవాళ్ళం. గులాబీలు పూసే కాలం అది. కొండ వాలంతా మెట్లు మెట్లుగా మళ్ళు, మళ్ళ నిండా గులాబీలు, మధ్యన సన్నటి నీటికాలవ. ఆమె ప్రతి పొద దగ్గరా ఆగేది. వాసన చూసేది. దానిమ్మ చెట్టు దగ్గర ఆగి, కాయలు ఎప్పుడొస్తాయో లెక్కగట్టేది. పన్నీరు కాచే ఒక ముసలాయన గుమ్మంలో, నల్లగా మసిబారిన గోడ పక్కన కూర్చుని, ఆయనిచ్చిన చేదు కాఫీ ఒలికిపోతుందేమోనన్నంత మెల్లగా తాగేది.

"నర్సమ్మగారికి వయసు మీద పడింది" అన్నాను.

"మీరు కుర్రాళ్ళు లెండి. మాబోటివాళ్ళని కాస్త చూసుకుంటూ నడవండి" అంది.

నేను ఉబ్బిపోయాను. ఇంటికొచ్చాక అన్నం ముందు ఆమె ప్రార్థన చేసేది. పెళ్ళయిన కొత్తలో రెండు ముక్కల్లో ముగించే మనిషి, ఇక్కడ బంధువుల్నీ, రోగుల్నీ, జీపు డ్రైవర్నీ, చివరికి ముసలాయన మేకల్నీ దేవుడికి అప్పగిస్తూ పోయేది. కళ్ళు మూసుకుని ఆయాసం తీర్చుకుంటూ, ఎత్తుకు వచ్చేసరికి భక్తి కూడా పెరిగినట్టుందనుకున్నాను. కుక్కరు మూడు విజిళ్ళేసి ఊరుకునేది. నా ఛాతీలో విజిల్ మాత్రం ఆగేది కాదు. చలిగాలి కదా అని స్వెటరు మీద దుప్పటి కప్పుకున్నాను.

వారం గడవలేదు. ఉబ్బిపోవడం అయ్యాక ఉబ్బసం వచ్చింది. చిన్నప్పుడు బడి మానిపించిన జబ్బే. మీసాలొచ్చాక పోయిందనుకున్నాను. ఎక్కడికీ పోలేదు, నాకంటే ముందు కొండెక్కి కూర్చుంది. ఒక మధ్యాహ్నం మంచం అంచు పట్టుకుని కూర్చుని, నోరు తెరిచి గాలిని బతిమాలుకుంటుంటే, ఆమె నన్ను ఆసుపత్రికి నడిపించుకెళ్ళి ఇంజెక్షను ఇప్పించింది.

డాక్టరు నా వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "కింద ఉంటే నీకే జబ్బూ లేదు. ఇక్కడ ఉంటే ఉంది" అన్నాడు హిందీలో. నావైపు కాకుండా ఆమెవైపు చూస్తూ అన్నాడు.

గదికొచ్చాక, "అలవాటైపోతుంది. ఇంకో రెండు రోజులు చూద్దాం" అన్నాను.

"చూస్తూనే ఉన్నానుగా" అంది.

నా చొక్కాలు మడతపెట్టింది. స్వెటరు చేతిలోకి తీసుకుని, "ఇది నాకుంచండి. కింద మీకెందుకు?" అంది.

మర్నాడు అదే జీపు వచ్చింది. మెట్లు దిగుతున్నప్పుడు కూడా ఆమె రెండుసార్లు ఆగింది. "శుక్రవారాలు కుదిరినప్పుడల్లా నేనే దిగొస్తాను" అంది. "మీరు మాత్రం పైకి రావద్దు. ఒట్టు."

"నేను కింది స్థాయి ఉద్యోగినని మా కంపెనీవాళ్ళు ఎప్పుడో చెప్పారు" అన్నాను. ఆమె నవ్వలేదు. నా కాలరు సర్దింది.

జీపు కదిలింది. మలుపు దగ్గర అద్దంలోకి చూశాను. ఆమె మెట్లెక్కుతోంది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, స్వెటరు భుజాన వేసుకుని, ఆగకుండా, ఎక్కడా ఆగకుండా ఎక్కుతోంది. చెప్పులో రాయి పడిన చోట ఆగలేదు. లోయ కనిపించే చోట ఆగలేదు.

డ్రైవరు కూడా అద్దంలోకి చూశాడు. "సిస్టరమ్మ రోజు గట్లనే ఉరుకుతదన్నా. డ్యూటీకి ఆలస్యమైతె మేకలు సుత పక్కకు జరుగుతయి."

గులాబీ పొదలూ, దానిమ్మ చెట్టూ, చేదు కాఫీ, అంతులేని ఆ ప్రార్థనలూ ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. అన్నీ నా ఊపిరికి వేసిన పీటలు. కూర్చోబెట్టినట్టు నాకు తెలియకుండా కూర్చోబెట్టింది.

"ఊపిరి మంచిగున్నదా ఇప్పుడు?" అన్నాడతను, మరో మలుపు తిప్పి.

"బాగుంది" అన్నాను. అబద్ధం కాదు. దిగేకొద్దీ ఛాతీ తేలికవుతోంది. కాస్త పట్టేసినా బాగుండునని, వెనక్కి తిప్పమనడానికి ఏదో వంక దొరుకుతుందన్నట్టు, గట్టిగా పీల్చి చూశాను. గాలి సాఫీగా లోపలికి పోయింది.

సమాయిల్‌లో టీకి ఆపాడు. ఆ హోటల్ మెట్లు ఒక్క ఊపులో ఎక్కేశాను. ఎక్కి, పక్కన ఎవరూ ఆగి లేకపోవడంతో, కాసేపు అక్కడే నిలబడ్డాను.