పరిగెత్తని మొనగాడికి పట్టుచీర

మొన్న ఆదివారం మా మనవడూ వాడి స్నేహితులూ ముందుగదిలో చేరి టీవీ బద్దలయ్యేలా అరుస్తున్నారు. ఎక్కడో సముద్రాల అవతలి ఫుట్‌బాల్ జట్టు ఒకటి కోట్లు గుమ్మరించి ఒక ఆటగాణ్ణి కొనుక్కుందట. ఆయనేమో మైదానంలో పెళ్ళికొచ్చిన చుట్టంలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. "వాణ్ణి తీసేసి బెంచీ మీద ఉండే పిల్లోణ్ణి దింపితే ఏమప్పా వీళ్ళకు?" అని మనవడు ఒకటే రుసరుస. నేను వంటింట్లో చెనక్కాయలు వేయిస్తూ వింటున్నాను. నా భర్త, నాకు మేనత్త కొడుకు కాబట్టి ఈ వయసులోనూ బావా అనే పిలుస్తాను, ఆ పిల్లల మధ్య కుర్చీలో కూర్చుని, "ఆయనకు బాల్ సరిగ్గా ఇయ్యడం ల్యా వాళ్ళు. పాపం, ఒక్కడే ఏం చేస్తాడు" అన్నాడు. పాపమట! నాకు ఒళ్ళు మండిపోయింది. చెనక్కాయలు మాడిపోయాయి కూడా. ఇలాంటి వాళ్ళను చూసి బావ పాపం అనడం నేను కొత్తగా వినడం లేదు. మా ధర్మవరంలో మేమూ ఒకప్పుడు ఒక మొనగాణ్ణి తెచ్చుకున్నాం. కోట్లు పెట్టి కాదు, పట్టుచీర పెట్టి.

డెబ్బైలు పోయి ఎనభైలు వస్తున్న రోజులవి. మా వీధిలో ప్రతి ఇంటి ముందుగదిలో గుంట మగ్గం ఉండేది. గుంటలో కాళ్ళు పెట్టి పొద్దంతా చెక్కలు తొక్కే మనుషులకు సాయంత్రానికి కాళ్ళు పీకాలి గానీ ఫుట్‌బాల్ ఆడబుద్ధి ఎలా అయ్యేదో దేవుడికే తెలియాలి. ఈ ఆట మా ఊరికి ఎవరు తెచ్చారో నాకు తెలీదు, రైల్లోంచి దిగి ఉంటుంది. వానలు మొహం చాటేసి చెరువు ఎండిపోతే ఆ చెరువే మాకు మైదానం. నెర్రెలు విచ్చిన చోట మన్ను పోసి, రెండువైపులా కర్రలు పాతి, జాలిముళ్ళు ఏరేసి ఆడేవాళ్ళు. అమావాస్యకు మగ్గాలు ఆపేవాళ్ళు కాబట్టి ఆ రోజు పొద్దుటి నుంచే ఆట. ఆడవాళ్ళం కట్ట మీద కూర్చుని చూసేవాళ్ళం. అత్తను, అంటే బావ వాళ్ళమ్మను, మించిన అభిమాని ఆ వీధిలో లేదు. ఆటలో తప్పు చేసినవాడు ఆమె కళ్ళబడకుండా ఇల్లు చేరడానికి వెనక సందు పట్టుకుని పోయేవాడు.

బావది ఎడమ కాలి ఆట, జట్టులో ఎడమ పక్క చోటు ఆయనదే. చెప్పుకోకూడదు గానీ, ఆ గీత వెంబడి ఆయన బంతి తీసుకుని పోతుంటే నేను కొంగు నోట్లో పెట్టుకుని చూసేదాన్ని. మొనగాడు వచ్చిన ఆ ఏడాదికి బావ ముప్పై దాటిపోయాడు. మోకాలు ఒకటి చెప్పిన మాట వినడం మానేసింది. "ఈ ఏడు ఆడి ఇడిసిపెడతా" అన్నాడు నాతో. ఆ ఏడే చుట్టుపక్కల ఊళ్ళ పోటీ మొదటిసారి మా చెరువులో పెట్టారు. సొంత ఊళ్ళో, కట్ట మీద సొంత జనం చూస్తుండగా చివరిసారి ఆడాలి. ఆయన జీవితంలో నోరు తెరిచి కోరుకున్నది అదొక్కటే. నగానట్రా నేనే అడిగేదాన్ని, ఆయన ఏదీ అడిగిన మనిషి కాదు.

మా వీధి మొత్తానికి పట్టు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు ఒకాయన ఉండేవాడు. జట్టుకు పెద్ద కూడా ఆయనే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, ఆయన కంటికి మా మగవాళ్ళు ఆనలేదు. బెంగళూరు నుంచి ఒక పేరున్న ఆటగాణ్ణి పిలిపిస్తానన్నాడు. ఆ వచ్చేవాడు డబ్బు వద్దన్నాడట, భార్యకు ధర్మవరం పట్టుచీర కావాలన్నాడట. సరే, పట్టూ జరీ షావుకారువి, నేత వీధిది. వీధిలో అంచు బాగా నేసేది ఎవరు? బావ. ఆ వచ్చే మొనగాడు ఆడేది ఎక్కడ? ఎడమ పక్క. అర్థమైందా? ఏ చోటు నుంచి ఈయన్ను లేపారో, ఆ చోట్లో కూర్చునే వాడికి ఈయనే చీర నేసి పెట్టాలి.

నేను ఆ రోజు అన్నం వండలేదు. అత్త షావుకారింటి దాకా పోయి అరిచి వచ్చింది. పట్టు ఇచ్చే చెయ్యి, ఎంత అరిచినా ఆ చేతిని వదులుకోలేం. బావ మాత్రం పోయి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. పెద్ద అంచు చీరకు ఇద్దరు కూర్చోవాలి, రెండో మనిషిని నేనే. నెల పైన పట్టింది. వంకాయ రంగు ఒళ్ళు, ఆకుపచ్చ అంచు, కొంగు నిండా హంసలు. కోపంలో నేను పోగు గట్టిగా లాగడంతో ఒకసారి అంచు వంకరపోతే, బావ అంతా విప్పించి మళ్ళీ నేయించాడు. "వాని కోసరం ఇంత దేనికి బావా?" అన్నాను. "వాని కోసరం కాదు. ఇది మన మగ్గం మీద చీర" అన్నాడు.

మొనగాడు రైలు దిగాడు. మనిషి ఎర్రగా, నున్నగా, పొట్ట కాస్త ముందుకొచ్చి ఉన్నాడు. మా వాళ్ళు పొద్దున రాగిసంగటీ ఊరిబిండి పచ్చడీ తిని మైదానానికి పోతే, ఆయనకు గుడ్లు, పాలు, మధ్యాహ్నం వేటమాంసం. మొదటి ఆటలో బంతి కాళ్ళ దగ్గరికి వస్తేనే తన్నాడు, రెండడుగుల దూరంలో ఉంటే అది పరాయి సొమ్మన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. రెండో ఆటలో ఎండ ఎక్కువైందని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. మిగతా పదిమంది ఆయన వంతు కూడా పరిగెత్తి రెండూ గెలిచారు. ఇక చూడండి మా వీధి. మగ్గం చప్పుడు మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకటే వాదన.

"తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. యాడ పట్టుకొచ్చినాడప్పా షావుకారు వీణ్ణి?" అని పక్కింటి మామ.

"పెద్ద ఆటగాళ్ళు అట్లనే ఉంటారు మామా. ఫైనల్‌కు దాసిపెట్టుకున్నాడు ఆట" అని ఎదురింటి కుర్రాడు.

"దాసిపెట్టుకునేకి అదేమన్నా ఊరగాయనా?" అని అత్త.

బావ ఏమనేవాడో తెలుసా? "గడ్డి మీద ఆడినోడు. ఈ నేల ఆయనకు పడదు, పాపం." ఆ పాపం అప్పటిదన్నమాట.

ఫైనల్ రోజు పొద్దున మొనగాడు చీర చేతికిస్తే గానీ దిగనన్నాడు. షావుకారు వీధిలో అందరి ముందు చీర ఇచ్చాడు. ఆయన మడత విప్పి, అంచును గోటితో గీకి, "జరీ అసలుదేనా?" అని అడిగాడు. పక్కనే నేసిన మనిషి నిలబడి ఉన్నాడు. నాకు ఆ చీర లాక్కుని ఇంటికి పోదామనిపించింది. ధర్మవరం వచ్చి, నేతగాడి మొహం మీద జరీ అసలుదేనా అని అడుగుతాడా! బావ తల వంచుకోలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "అసలుదే అన్నా" అన్నాడు.

గుంతకల్లు నుంచి వచ్చిన జట్టుతో ఆట. సగం అయ్యేసరికి ఒక గోలు వెనకబడ్డాం. ఎడమ పక్కకు ఎన్ని బంతులు పోయాయో అన్నీ గీత దాటిపోయాయి, మొనగాడు వాటిని సాగనంపుతున్నాడు. విరామంలో కట్ట మీది జనమంతా కిందికి దిగి షావుకారును చుట్టుముట్టారు. బావ అప్పటికే కాలికి గుడ్డ బిగించి కట్టుకుని గీత పక్కన నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు పండగకు కొత్త చొక్కా ఇస్తారేమోనని చూసిన చూపు, అంతకన్నా ఏం చెప్పలేను.

"మగ్గం మీద పోగు తెగితే ఆపి ముడేసుకుంటాం గదప్పా. ఈడ పోగు తెగిండాదని అందరికీ కనపడతాండాది, ముడెయ్యి" అంది అత్త.

"చీర ఇచ్చేసినాం గదక్కా. ఇప్పుడు కూర్చోబెడితే చీర దండగ" అన్నాడు షావుకారు.

అదీ న్యాయం! చీర దండగ కాకూడదని ఆట దండగ చేశారు. చీర నేసినవాడు గీత బయట, పుచ్చుకున్నవాడు గీత లోపల. ఆట చివరి దాకా మొనగాడు నిలబడే ఉన్నాడు, మేము ఓడిపోయే ఉన్నాం. సాయంత్రం రైలుకు ఆయన పెట్టె మోయడానికి కూడా మా వీధి పిల్లలే పోయారు. చీర వెనక్కు గుంజుకుందామని నలుగురు బయలుదేరితే బావే అడ్డం పడ్డాడు. "నేసిచ్చిన చీర మల్లా ఇంటికి వస్తే అది నాకు తలవంపులు" అన్నాడు. షావుకారు మరుసటి వారం ఏమీ జరగనట్టు పట్టు పంపించాడు, మేము ఏమీ జరగనట్టు తీసుకున్నాం.

ఆ ఏడే వానలు పడ్డాయి. చెరువు నిండి నీళ్ళు మరవ మీంచి పొర్లాయి, మా మైదానం మునిగిపోయింది. జనం కట్ట మీదికి పోయి పసుపూ కుంకుమా చల్లి గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టారు. నేను పోలేదు. కరువు సీమలో పుట్టి నీళ్ళ మీద అలిగిన పాపిష్టిదాన్ని నేనొక్కదాన్నేనేమో. మళ్ళీ ఆ నేల బయటపడేసరికి బావ మోకాలికి మగ్గం తొక్కడమే కష్టంగా ఉంది.

మొన్న పిల్లలు వెళ్ళిపోయాక, మాడిన చెనక్కాయలే ఒలిచి పెడుతూ ఇన్నేళ్ళుగా అడగనిది అడిగాను. "బావా, ఆ పొద్దు నిన్ను దింపింటే గెలిచేటోళ్ళమా?"

ఆయన మాడిన గింజ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"గెలిచేది ఏమో తెల్దు. ఆడేటోణ్ణి" అన్నాడు.

ఆ చీర నెల పైచిలుకులో నేసేశాం. ఈ ఒక్క మాట మా ఆయన నోటికి రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.