అగ్రిమెంటులో లేని షరతు

సోమందేపల్లె బస్టాండు పక్కన జాకెట్లు కుట్టే నరసింహప్ప పద్దెనిమిదేళ్లుగా ఒకే అద్దె ఇంట్లో ఉంటున్నా, ఎవరి చేతా ఒక్క మాట పడలేదు. పదకొండు నెలలకోసారి ఇంటి ఓనరు విజయభాస్కర్ కొత్త అగ్రిమెంటు చదివి వినిపించడం, ఇతను తలూపి సంతకం పెట్టడం. గోడకు మేకు కొట్టరాదు, శనివారం మాంసం వండరాదు, చుట్టాలను నాలుగు రోజులకు మించి ఉంచుకోరాదు. అన్నిటికీ కట్టుబడ్డాడు పిచ్చి మానవుడు. పెళ్లినాటి ఫోటోను కూడా గోడకు తగిలించకుండా బీరువా మీద ఆనించి పెట్టుకున్నాడు.

భార్య మారెక్కకు లివరు చెడింది. నెల రోజులు చూసి, అనంతపురం డాక్టర్లు ఇక తమ చేతిలో ఏమీ లేదని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పారు. చెప్పడానికేం, ఎంత తేలిక! మధ్యాహ్నం అంబులెన్సు వీధిలో ఆగేసరికి విజయభాస్కర్ గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నరసింహప్పా, తప్పుగా అనుకోవద్దప్పా. ఆయమ్మను లోపలికి తేవద్దు."

"మరి యాడికి తీసకపోవాలన్నా?"

"ఈడ ప్రాణం పోయి, నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇల్లు మూసేయాల. పైన మేం కాపరం ఉండాం. వచ్చే నెల మా పాప పెండ్లి."

"అగ్రిమెంటులో ఈ మాట యాడా లేదే అన్నా."

"ఇట్లాంటివి కూడా రాసుకుంటారా ఎవరైనా? మీ ఊర్లో అయితే బాడుగ ఇంట్లో ఒప్పుకుంటారా, నువ్వే చెప్పు."

ఒప్పుకోరు. ఆ సంగతి నరసింహప్పకూ తెలుసు. విజయభాస్కర్ రాక్షసుడేమీ కాదు, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ గేటు వేశాడు. ఆ కన్నీళ్లను ఏం చేసుకోవాలి?

సొంతూరికి పోదామంటే, బోర్లు ఎండి పొలం అమ్ముకుని వచ్చేశాక అక్కడి మట్టిమిద్దె కూలిపోయింది. కుట్టుమిషను ఉన్న గది ఓనరుకు ఫోన్ చేస్తే ఆయనా వద్దన్నాడు. అక్క చౌడమ్మ ఉండేదీ బాడుగ ఇంట్లోనే. ఇంకో పేషెంటు కోసం పోవాలని అంబులెన్సు డ్రైవరు తొందరపెట్టాడు.

చివరికి ఊరి బయట శ్మశానంలో, శవాలను దించే రేకుల షెడ్డు కింద చాప పరిచి మారెక్కను పడుకోబెట్టాడు. ఎండ తగలకుండా చుట్టూ ఆమె చీరలే కట్టాడు. గంజి తెచ్చిన చౌడమ్మ, ఊపిరున్న మనిషిని అక్కడ చూడలేక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ప్రాణం వెంటనే పోలేదు. తొందరగా పోతే బాగుండునని ఒకసారి అనుకుని, అనుకున్నందుకు నరసింహప్ప సిగ్గుతో చచ్చిపోయాడు. మూడో రోజు పొద్దున మారెక్క కళ్లు తెరిచింది.

"యాడికొచ్చినాం?"

"ఇంటికే వచ్చినాం. పండుకో."

ఆమె కాసేపు రేకుల వంక చూసింది.

"మనింట్లో ఇంత గాలి యాడిదయ్యా?"

నరసింహప్ప లేచి, గాలికి కొట్టుకుంటున్న చీరను రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.