మూర లెక్కన చక్కెర మల్లెలు

చక్కెరతో చేసిన మల్లెపూలను మూర లెక్కన అమ్మినవాళ్లు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా? నేనున్నాను. ఒక్కొక్క మొగ్గనూ వేళ్లతో చుట్టి, సన్నతీగకు గుచ్చి, ఆరబెట్టి, తొడిమకు ఆకుపచ్చ రంగు అద్దాల్సిన పనికి, సందు మొగదల గంపలో పూలమ్మినట్టు మూరకింత అని ధర పెట్టిన బుర్ర నాది. ఇలాంటిది ఇంకొకరికి తట్టదు. తట్టినా పైకి చెప్పుకోరు.

నేను పుట్టి పెరిగింది తిరుత్తణిలో, మా నాన్న పచారీ కొట్టులో. నాకు ఉయ్యాల కట్టింది పప్పుల బస్తాల మధ్యనే అని అమ్మ చెప్పేది. బేరం మా ఇంట్లో పలకరింపు లాంటిది. ఆటోవాడు అడిగినంతా ఇచ్చేసి వస్తే, ఒళ్లు బాగాలేదేమోనని మా ఆయన నా నుదురు ముట్టి చూస్తాడు. పెళ్లయి తిరువళ్లూరుకు వచ్చాక, ఫోనులో చూసి చూసి, కేకుల మీద పెట్టే చక్కెర పూలు నేర్చుకున్నాను. కేకు బేకరీవాళ్లది, పూలు నావి. మెత్తగా ఆడించిన చక్కెరలో గుడ్డు తెల్లసొన, జిగురు పొడి కలిపి పిసికితే చపాతీ పిండిలాంటి ముద్ద అవుతుంది. దాన్ని అవతలి వెలుగు కనబడేంత పల్చగా ఒత్తి, రేకులు కోసి, ఒకదాని మీదొకటి చుడితే రోజాపువ్వు. అందరూ రోజాలే అడుగుతారని రోజా అచ్చులు కూడా కొని పెట్టుకున్నాను.

మొదటి బేరానికి మణవాళనగర్ నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. కూతురికి పెళ్లి. చర్చిలో పెళ్లయ్యాక రిసెప్షన్‌లో మూడంతస్తుల కేకు కోస్తారు.

“రోజాలు చేస్తానక్కా, ఒక్కొక్కటి అరచెయ్యంత” అన్నాను తల్లితో.

“రోజాలు ఎవురికి కావాల? దీనికి మల్లెపూలు కావాలంట. నువ్వే చెప్పుకోమ్మే” అని ఆమె కూతురిని మోచేత్తో పొడిచింది.

“నాకు మల్లెపూలంటే ప్రాణం పిన్నమ్మా. మల్లెపూలకే నేనంటే పడదు” అంది పెళ్లికూతురు.

మల్లెపూలు దగ్గరికొస్తే చాలు, ఆ పిల్లకు ఆగకుండా తుమ్ములు. ముక్కు ఎర్రబడి, కళ్లు వాచి, తనను తనే గుర్తుపట్టలేదట. మన వైపు మల్లెపూలు లేని పెళ్లికూతురిని ఎవరు ఊరుకోనిస్తారు? నిశ్చితార్థానికి ప్లాస్టిక్ పూలు పెట్టుకుని కూర్చుంటే, పెళ్లికొడుకు మేనత్త వచ్చి వాటిని పట్టి లాగి చూసి, “ఏందమ్మా, మీ ఊర్లో పూలకు కూడా కరువా?” అన్నదట.

“రిసెప్షన్‌లో నా పక్కనే మల్లెపూలు ఉండాల. ఫోటోలో పడాల. నేను తుమ్మకూడదు. అంతే పిన్నమ్మా” అంది ఆ పిల్ల.

ఆ “అంతే” దగ్గర నా మనసు మెత్తబడింది. మనసు మెత్తబడినప్పుడు బేరం మాట్లాడకూడదని మా నాన్న నాకు పలకాబలపం కంటే ముందు నేర్పాడు. నేను మాట్లాడాను. మొగ్గకింత అంటే లెక్క పెద్దదై భయపడి పారిపోతారేమోనని మూరకింత అన్నాను. ఇందులో నా గడుసుతనం కూడా ఉంది. నేను పొట్టిదాన్ని, నా చేయి ఇంకా పొట్టిది. “నీ చెయ్యి అమ్మేదానికి పుట్టింది, కొనేదానికి కాదు” అని నాన్న ఎప్పుడూ అంటాడు. నా చేతితో కొలిస్తే మూర త్వరగా వస్తుంది కదా అని మనసులో ఈల వేసుకున్నాను.

నాలుగు వందల దగ్గర మొదలుపెట్టి, మూర మూడు వందల యాభైకి దిగాను. ఐదు మూరలు. తల్లి కూడా ఆరితేరిన చెయ్యే. బేరం మంచి వేడిలో ఉండగా, మా ఘనత తెలియాలని ఒక మాట వదిలాను.

“మా ఇంట్లో పూలు కొనాలంటే ఊరికే పోం అక్కా. ఇంట్లో అందరికంటే పొడుగున్న మా చిన్నాయన్ని పంపుతాం. ఆయన చేత్తో కొలిపించుకుంటే మూర మీద నాలుగు వేళ్లు లాభం.”

“ఆహా” అందామె. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సాయంత్రం నాన్నకు ఫోను చేశాను. ఆడించిన చక్కెర ఆయన కొట్టు నుంచే తెప్పించుకోవాలని.

“ఏమ్మే, చక్కెరతో పూలు చేసి, చక్కెర కంటే తక్కువకు అమ్మినావా?”

“లాభమే నాయినా.”

“ఎవురికి?”

చక్కెర పంపాడు. దానితోపాటు రసీదు కూడా పంపాడు. కూతురని ఒక్క రూపాయి తగ్గించలేదు. నాకు గర్వంగానే ఉంది.

మల్లెమొగ్గ అంటే ఏముంది, చిన్న ఉండ చేసి కొస లాగితే అయిపోతుందనుకున్నాను. తొలిరోజు చేసినవి ఆరాక చూస్తే అచ్చం వెల్లుల్లి రెబ్బలు. రెండోసారి చేసినవి పాలపళ్లు. “ఇవి పెడితే కేకు నవ్వుతున్నట్టుంటుంది” అన్నాడు మా ఆయన. ఇక లాభం లేదని తిరుత్తణికి పోయి, గుడి మెట్ల కింద పూలంగట్లో ఒక మూర అసలు మల్లెలు కొన్నాను. పూలమ్మే ఆమె కొలిచి తెంపి, మళ్లీ ఒక జానెడు కొసరు వేసింది. కొసరు వేయించుకోవడం నాకు తెలుసు. వేయడం తెలియదు. అడిగినవాళ్లకు కొసరు ఇవ్వాలంటే దాని ధర ముందే అసలులో కలిపి పెట్టాలన్నది మా కొట్టు పద్ధతి.

ఆ మల్లెలను బల్ల మీద పెట్టుకుని చూస్తే అప్పుడు తెలిసింది. మొగ్గ గుండ్రంగా ఉండదు. మధ్యలో ఉబ్బి, కొసన రేకులు ఒకదాన్నొకటి కౌగిలించుకుని మెలి తిరిగి ఉంటాయి. కత్తెర మొనతో కొసన ఒక చిన్న మెలిక గీత పెట్టాను. మొగ్గ మొగ్గలా కనబడింది! వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. పూండి చెరువు వైపు నుంచి వాన గాలి వచ్చినప్పుడల్లా పూలు చెమర్చి మెత్తబడేవి, వాటికి ఫ్యాన్ పెట్టి మేము చెమటతో కూర్చునేవాళ్లం. చీమలు రాకుండా బల్ల కాళ్లు నీళ్ల గిన్నెల్లో నిలబెట్టాను. మా పుట్టింట్లో అల్లుడైన తనకు కూడా అంత మర్యాద జరగలేదని మా ఆయన కినుక.

నా చేతితో ఐదు మూరలు కట్టి పూర్తిచేసి కబురు పంపాను. పెళ్లికి ఇంకా రెండు రోజులున్నాయి. తల్లి వచ్చింది. వెనకాల ఒకాయన మా గుమ్మంలో తల వంచి లోపలికొచ్చాడు. వంచినా తగిలింది.

“మా తమ్ముడు. ఆత్తిపట్టులో కరెంటు ఫ్యాక్టరీలో పని. కొలిచేదానికి పిలుచుకొచ్చినాను” అందామె తేనెలా.

ఆయన మోచేయి బల్ల మీద ఆనించి చేయి చాపాడు. చాపుతూనే ఉన్నాడు. ఆ చేయి అవతలి ఊరికి పోయేట్టుంది. నా ఐదు మూరలు ఆయన చేతి కింద నాలుగు కూడా కాలేదు.

“అన్నా, అమ్మేవాళ్ల చెయ్యే కదా కొలత?” అన్నాను.

“నాకు తెలీదమ్మా. అక్క కొలవమనింది, కొలిచినాను” అన్నాడాయన పాపం, నుదురు రుద్దుకుంటూ.

“మీ చిన్నాయన కథ రొంబ బాగుండాదమ్మా. ఇంటికి పోయి అందరికీ చెప్పినాను” అంది తల్లి.

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. నా గొయ్యి నేనే తవ్వి, చుట్టూ ముగ్గు కూడా వేసి, ఆమెను రమ్మని పిలిచాను మరి! నేను నవ్వేసరికి ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వింది గానీ తక్కువపడిన మూరను వదిలిపెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెళ్లికూతురే మా ఇంటికి వచ్చేసింది. “మీ ఒక్కరివల్ల కాదు పిన్నమ్మా, నేనూ చేస్తా” అని బల్ల ముందు కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల మల్లెమొగ్గలను వేళ్లతో ముట్టుకోవడం అదే మొదలట. ఒక మూర ఎత్తి, అలవాటుగా ముఖం పక్కకు తిప్పుకుని, మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. తుమ్ము కోసం ఇద్దరం ఎదురుచూశాం. ఏమీ కాలేదు.

“రాలే!” అని అరిచింది. నేనూ అరిచాను. ఆ ఊపులో నా చేయి తగిలి చక్కెర పొడి గిన్నె బోర్లాపడింది. తెల్లగా దుమ్ము లేచింది. ఆ పిల్ల ఇల్లదిరేలా తుమ్మింది.

“ఇది లెక్కలోకి రాదు పిన్నమ్మా!”

“రాదు, రాదు. ఇది సరుకు తప్పు, పువ్వు తప్పు కాదు.”

ఆమె చేసిన మొగ్గలు సొట్టలుగా, ఒకటి లావు, ఒకటి సన్నం. అవి కేకు మీదికి పనికిరావని వేరేగా ఒక జానెడు తీగకు చుట్టి పక్కన పెట్టాను. మిగతాది నేనే పూర్తిచేశాను.

రిసెప్షన్ హాల్లో తెల్ల కేకు మీద నా మల్లెలు మూడు వరుసలు తిరిగాయి. దూరం నుంచి చూసినవాళ్లు అసలు పూలనుకున్నారు. దగ్గరికొచ్చి చూసినవాళ్లు కూడా అసలు పూలనుకుని ముక్కు పెట్టారు. ఇక పెళ్లికొచ్చిన ఆడవాళ్ల తలల్లోని అసలు మల్లెల సంగతి? దానికి తల్లి తన తమ్ముడిని స్టేజి మెట్ల దగ్గర నిలబెట్టింది. ఆ పొడుగాయన పెద్ద కవరు పట్టుకుని, “అక్కా, పూలు ఇట్ల ఇచ్చి పైకి పోండి, దిగేటప్పుడు తీసుకుందురు” అని ఒక్కొక్కరి దగ్గరా వసూలు చేస్తున్నాడు. చెప్పులు వదిలినట్టు పూలు వదిలి ఎక్కుతున్నారు. పెళ్లికొడుకు మేనత్త మాత్రం, “నా మూర ఏదో గుర్తు పెట్టుకో నాయినా, నాది ఇందరికంటే ఒత్తుగా ఉండాది” అని రెండుసార్లు వెనక్కి వచ్చి చెప్పింది.

కేకు కోసే ముందు పెళ్లికూతురు నన్ను చెయ్యి ఊపి పిలిచింది. అందరి తలలూ ఖాళీ. ఆమె తల కూడా.

“పిన్నమ్మా, కొసరు యాడ?” అంది.

నా సంచిలో ఆమె సొట్ట మొగ్గల జానెడు ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకే తెలియదు. తీసి ఆమె జడలో పెట్టి, పిన్నులతో బిగించాను. మేనత్త వచ్చి అలవాటుగా పట్టి లాగింది. ఒక మొగ్గ ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. తీగ లాగేసి నోట్లో వేసుకుంది.

“తియ్యగా ఉండాదే!” అని హాలంతా వినబడేట్టు అంది. పెళ్లికూతురు పగలబడి నవ్వింది. ఫోటో అప్పుడే పడింది. ముక్కు ఎర్రగా లేదు.

మర్నాడు తల్లి డబ్బు తెచ్చిచ్చింది, పైన యాభై చిల్లర లేదని తగ్గించి. “జడ నిండా చీమలమ్మా, పొద్దున్నంతా దువ్వినాము” అని కూడా చెప్పింది. ఆమె పోయాక కూర్చుని లెక్క వేశాను.

వచ్చింది పదిహేడు వందలు. చక్కెరకు నాన్నకు రెండు వందల నలభై. జిగురు పొడి, గుడ్లు, రంగు కలిపి మూడు వందల ముప్పై. తీగ, టేపు ఐదు వందల ఇరవై. చూసి నేర్చుకోవడానికి కొన్న మల్లెలు ఎనభై. ఆటో రెండు వందలు. రోజా అచ్చులు నాలుగు వందల యాభై; వాడలేదు, కానీ కొన్నది నేనే. మొత్తం పద్దెనిమిది వందల ఇరవై. నష్టం నూట ఇరవై. నా కూలి వేస్తే నష్టం ఇంకా పెరుగుతుంది కాబట్టి వేయలేదు. కొసరు ఒక జానెడు. దాని ధర అసలులో కలపలేదు. ఊరికే ఇచ్చాను.